పీర్ల చావడి - పేరు వెనుక కథ

మన సంఘ సభ్యులలో చాలామంది పల్లెలలో పుట్టి పెరిగినవారే. ఊరి నడుమ చిన్న కప్పు, ముందు అరుగు, వాకిట నిప్పుల గుండం ఉన్న పీర్ల చావడి వారికి కొత్త కాదు. ఏడాదిలో మొహరం పది రోజులు తప్ప దాని తలుపులు మూసే ఉండేవి. ఆ పేరు ఎలా ఏర్పడినదో తెలిసినంతవరకు మనవి చేస్తాను.

‘పీర్’ పారశీక పదం. వృద్ధుడు, పెద్దవాడు అని మొదటి అర్థం. తరువాత దారి చూపే గురువుకు ఆ మాట వాడారు. క్రీ.శ. 680లో కర్బలా వద్ద అమరులైన ఇమాం హుస్సేన్‌నూ, ఆయన వెంటనున్న వారినీ మన పల్లె జనం పీర్లని పిలుచుకున్నారు. వారి గుర్తుగా నిలిపే లోహపు ధ్వజానికి అరబ్బీలో ‘అలం’ అని పేరు. మనవారు ఆ ధ్వజాన్నే పీరు అన్నారు.

ఇక ‘చావడి’ సంగతి రెవిన్యూలో పనిచేసిన వారికి చెప్పనక్కరలేదు. కరణం, మునసబు కూర్చుని శిస్తు లెక్కలు చూసినది అక్కడే. ఊరి తగవులు తీరినదీ, బాటసారి రాత్రి తల దాచుకున్నదీ అక్కడే. 1984లో ఆ గ్రామ పదవులు రద్దయినా మాట మిగిలింది. చావడి ఒక ఇంటిది కాదు, ఊరందరిదీ. ఆ లెక్కన పీర్ల చావడి అంటే పెద్దల కోసం ఊరు ఇచ్చిన ఉమ్మడి చోటు.

హైదరాబాదులో దీనినే ఆషూర్‌ఖానా అంటారు. ఆషూరా అంటే మొహరం పదవ రోజు, ఖానా అంటే ఇల్లు. 1591లో చార్మినార్ కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా ఆ తరువాత కొద్ది ఏండ్లకే బాద్‌షాహీ ఆషూర్‌ఖానా నిర్మించాడు. దాని రంగు పలకల పనితనం 1908 మూసీ వరదలో కొంత దెబ్బతిన్నా నేటికీ చూడదగినది.

ఈ కాలపు పిల్లలు పీర్ల చావడిని మసీదనో దర్గా అనో అంటున్నారు. మసీదు సాష్టాంగపడి నమాజు చేసే చోటు. దర్గాలో మహాత్ముని సమాధి ఉంటుంది. చావడిలో సమాధి ఉండదు, పీర్లు ఉంటాయి. వాటి ముందు మొక్కు చెల్లించేవారిలో అన్ని కులాలవారూ, మతాలవారూ ఉంటారు. అనంతపురం జిల్లా గూగూడులో కుళ్లాయిస్వామి మొహరానికి వెళ్లినవారికి ఈ సంగతి అనుభవమే.

పేరు మారితే నష్టమేమిటని అడగవచ్చు. గ్రామకంఠంలోని చిన్న కట్టడాలకు విడిగా కాగితం లేకపోవడం మామూలే. ఊరివారి నోటిమాటే వాటికి దస్తావేజు. అది ఫలానావారి గుడి, ఫలానావారి మసీదు అన్న మాట పడితే, ఊరందరిదన్న సంగతి ముందు మరుగున పడుతుంది. ఆపైన కప్పు కూలినా బాగుచేయించే బాధ్యత తమదని ఎవరూ అనుకోరు. కొన్నాళ్లకు ఆ స్థలమే ఎవరి ప్రహరీలోనో కలిసిపోతుంది.

కాబట్టి మిత్రులారా, ఈసారి సొంత ఊరు వెళ్లినప్పుడు మనవలకు ఆ చావడిని చూపించండి. దాని పేరు, అక్కడ నిలిపే పీర్ల పేర్లు, ఏటా ఎత్తుకునే కుటుంబాల వివరాలు ఒక కాగితం మీద రాసి పెట్టండి. జీవితమంతా ఫైళ్లు రాసిన మనకు ఇదేమీ పెద్ద పని కాదు.