పచ్చిక ఎవరిది?

నెల్లూరు సీమకు వాన ఆలస్యంగా వస్తుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా తెలుగు నేలను తడిపే నైరుతి వానల్లో ఆ సీమకు దక్కేది తక్కువే. ఏడాది వర్షంలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లో వాయుగుండాల వెంట వచ్చి పడుతుంది. పడమట వెలిగొండలు దాటి నల్లమల వైపు వెళ్తే లెక్క తిరగబడుతుంది. శ్రీశైలం చుట్టూ ఉన్న అడవి శ్రావణ భాద్రపదాల్లో పచ్చబడి, సంక్రాంతి వెళ్లేసరికి ఎండుముఖం పడుతుంది. కొండకు ఆవల గడ్డి వాడిపోయే వేళకు ఈవల కొత్త పచ్చిక లేచి ఉంటుంది. ఈ తేడా ఎరిగినవాడు మందను బతికించుకుంటాడు, ఎరగనివాడు పోగొట్టుకుంటాడు.

ఈ నేల మీద ఆవులు కాసుకుని బతికిన గొల్లలకు ఆ తేడా తరతరాలుగా తెలుసు. మందను ఎప్పుడు కదిలించాలి, పరాయి రాజు సీమలో మేతకు ఏం ఒప్పుకోవాలి, ఒప్పుకున్న మాటకు ఎంతదాకా నిలబడాలి అన్న సంగతులు వాళ్లు శాసనాల్లో చెక్కించలేదు. ఒక వీరగాథలో పెట్టి, రాత్రుళ్లు పాడించుకుని, పిల్లలకు వినిపించారు. అదే కాటమరాజు కథ.

కథకు పునాది 13వ శతాబ్దిలో ఉంది. కాటమరాజు యాదవ వీరుడు, ఆలమందలకు పెద్ద. కరువు వచ్చి మేత కరవైనప్పుడు మందలను తోలుకుని, బంధువులనూ బలగాన్నీ వెంటబెట్టుకుని నెల్లూరు రాజ్యంలోకి దిగాడు. అప్పుడు నెల్లూరును ఏలుతున్నది తెలుగు చోడులు. కథలో రాజు పేరు నల్లసిద్ధి. అతను మనుమసిద్ధేనని, అంటే కవి తిక్కన సోమయాజి మంత్రిగా ఉన్న ఆ రాజేనని చరిత్రకారులు చాలామంది భావిస్తారు. మహాభారతంలో అధికభాగం తెలుగు చేసిన కవి కొలువుకు కూతవేటు దూరంలోనే ఈ కథ కూడా పుట్టిందన్నమాట.

రాజుకూ కాటమరాజుకూ ఒక ఒడంబడిక కుదిరింది. నెల్లూరు సీమలోని పచ్చికను గొల్లల ఆవులు మేస్తాయి. దానికి బదులుగా మందలో పుట్టిన కోడెదూడలను రాజుకు ఇవ్వాలి. పైకి ఇది చిన్న ఒప్పందంలా కనిపించినా రెండు బతుకుల అవసరాలు ఇందులో సరిగ్గా అతికాయి. కాపరికి కావలసింది ఆవు. పాలు, నెయ్యి, మంద పెరుగుదల అన్నీ ఆవు మీదే ఆధారం. మంచి ఆంబోతులు కొన్ని ఉంటే మందకు చాలు. మిగిలిన కోడెలు కరువురోజుల్లో ఆవుల నోటి దగ్గరి గడ్డిని పంచుకునే బరువు. చెరువుల కింద, ఏటి ఒడ్డున వరి పండించే రాజ్యానికి కావలసింది ఎద్దు. దుక్కికీ, కపిలకీ, బండికీ, సైన్యం సామాను మోయడానికీ ఎద్దే దిక్కు. ఒకరికి భారమైనది ఇంకొకరికి బలం. డబ్బు చేతులు మారకుండానే మెట్టసీమకూ మాగాణికీ పొత్తు కుదిరింది.

పొత్తు నిలవలేదు. ఎందుకు చెడిందన్నది పాడేవారిని బట్టి కొంత మారుతుంది. బాగా వినిపించే పాఠంలో రాజు ఉంపుడుకత్తె కుందమాదేవి పెంచుకున్న చిలుక దగ్గర తగవు మొదలవుతుంది. చిలుక వల్ల ఆవులు బెదరడం, గొల్లల చేతిలో చిలుక చావడం, ఆమె పగబట్టి వేటగాళ్ల చేత ఆవులను చంపించడం వరసగా జరుగుతాయి. ఆవులను కాపాడని రాజుకు పుల్లరి కట్టేది లేదని కాటమరాజు తెగేసి చెప్పాడు. పుల్లరి అంటే పశువుల మేతకు కట్టే పన్ను. చిలుకను పక్కనబెట్టి చూసినా తగవు అర్థమవుతుంది. వేల ఆవులు పైరుపచ్చల మధ్యకు వచ్చి చేరినప్పుడు, వానలు సన్నగిల్లినప్పుడు, మందకూ మడికీ మధ్య గొడవ రాక మానదు. ఇరుపక్షాలూ పాలేటి ఒడ్డున పంచలింగాల దగ్గర తలపడ్డాయి.

ఈ ఒక్క యుద్ధాన్నే తెలుగువాళ్లు రెండు చోట్ల గుర్తుంచుకున్నారు. నెల్లూరు కొలువు వైపు నుంచి పోరాడినవాడు ఖడ్గ తిక్కన. సోమయాజికి పెదనాన్న కొడుకు. అతను ఈ యుద్ధం నుంచి వెనుదిరిగి ఇంటికి వస్తే, భార్య చానమ్మ స్నానానికి మంచం అడ్డుపెట్టి, ఆడవాళ్లకు పెట్టినట్టు పసుపుముద్ద పెట్టిందనీ, తల్లి ప్రోలమ్మ విరిగిన పాలు వడ్డించిందనీ చాటుపద్యాలు చెబుతాయి. అవమానం భరించలేక తిరిగి వెళ్లి పోరాడి కన్నుమూశాడు. పండితుల ఇళ్లలో ఈ పద్యాలు నిలిచాయి. వాటిలో నిలిచింది ఒక యోధుడి పరువు. గొల్లల పాటలో నిలిచింది మేతకోసం వలస, ఒడంబడిక, ఆవుల చావు. ఎవరి బతుకుకు ఏది ముఖ్యమో అదే వారి జ్ఞాపకంలో మిగిలింది.

గొల్లల వైపు జ్ఞాపకాన్ని మోసినవాళ్లు గొల్లలు కారు. కొమ్మువాళ్లనే గాయకులు, ఊదే కొమ్ములతో, వీరణాల మోతతో ఊరూరూ తిరిగి ఈ కథ చెప్పారు. వాళ్లు మాల సమాజానికి చెందినవాళ్లు. ఒక కులం చరిత్ర మరో కులం గొంతులో బతకడం తెలుగునాట అరుదేమీ కాదు. తెలంగాణలో దాదాపు ప్రతి వృత్తికులానికీ కథ చెప్పే ఆశ్రితకులం ఒకటి ఉంది. పద్మశాలీలకు మార్కండేయ పురాణం కూనపులివారు చెబుతారు. మాదిగలకు జాంబపురాణం డక్కలివారు చెబుతారు. గొల్లలకు కాటమరాజు కథను మందెచ్చులవాళ్లు చెక్కబొమ్మలు నిలబెట్టి చెబుతారు. ఫలానా ఊళ్లు ఫలానా కుటుంబానివని మిరాశి ఉండేది. కథ చెప్పినందుకు ధాన్యమో, గొర్రెపిల్లో, బట్టలో ఇవ్వడం దాత బాధ్యత.

ఆ బొమ్మలకూ, కథలు చెప్పే పటాలకూ పుట్టిల్లు తెలంగాణలోని చేర్యాల. నకాశీలనే చిత్రకారులు ఖాదీగుడ్డకు బియ్యపు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపి పట్టించి, ఆరనిచ్చి, ఎర్రటి నేపథ్యం మీద కథను వరసగా బొమ్మలు కట్టేవారు. మూడడుగుల వెడల్పు పటం ముప్ఫై, నలభై అడుగుల పొడవు సాగి, చుట్ట విప్పుతున్నకొద్దీ కథ ముందుకు కదిలేది. తెల్లపొణికి చెక్కతో, రంపపుపొట్టూ చింతగింజల ముద్దా కలిపి బొమ్మలు చేసేవారు. చుట్టుపక్కల దొరికే చెక్క, గింజ, మట్టి తప్ప దూరాన్నుంచి తేవలసింది తక్కువ. చేర్యాల పటాలకు 2007లో భౌగోళిక సూచిక నమోదయింది. నెల్లూరును ఎన్నడూ చూడని తెలంగాణ గొల్లవాడల్లో పాలేటి యుద్ధం ఈ బొమ్మల ముందే కళ్లకు కట్టింది.

కథ వింటున్న కుర్రవాడికి ఏం అబ్బేది? మొదటిది, వలసలో సిగ్గుపడవలసింది లేదన్న సంగతి. వాన వెంట మంద నడవడం కాపరి వృత్తిధర్మం, అది ఓటమి కింద లెక్కకు రాదు. రెండోది, మేత ఊరకే దొరకదనీ, దానికి బదులు ఇవ్వాలనీ. మూడోది, ఆ బదులు తీసుకున్నవాడికి కాపాడే బాధ్యత ఉంటుందనీ, ఆ బాధ్యత తప్పినప్పుడు పన్ను అడిగే హక్కు పోతుందనీ. నీటి గురించి కూడా కథ మాట్లాడుతుంది. ఈ కథాచక్రంలో గంగకూ కాటమరాజుకూ నడిచే వాదం ఒక భాగం. గొల్లలు ఇంటిదేవతగా కొలిచే గంగ ఇక్కడ మాటకు మాట చెప్పే మనిషిలా ఎదుట నిలబడుతుంది. వాన ఏటా నమ్మకంగా రాని చోట నీటితో ఇలా తగవులాడటం సహజమే.

మంచి ఆంబోతులు కొన్ని ఉంటే మందకు చాలన్న ఒడంబడిక లెక్క ఆ నేలలో తర్వాత కూడా పనిచేసింది. గుండ్లకమ్మకు దక్షిణంగా పాలేరు, మన్నేరు, మూసి పారే నేలే ఒంగోలు జాతి పశువులకు పుట్టిల్లు. పెద్ద మూపురం, తెల్లటి ఒళ్లు, బరువు లాగే బలం ఆ జాతి గుర్తులు. మేలైన కోడెను దేవుడి పేరున అచ్చువేసి వదిలేసే ఆచారం ఈ జాతిని నిలబెట్టిన కారణాల్లో ఒకటి. అచ్చోసిన ఆంబోతు ఎవరి పైరు మేసినా ఎవరూ కొట్టకూడదు. ఊరి ఆవులన్నిటికీ మంచి వంశం దాని వల్లే దక్కేది. భక్తి రూపంలో సాగిన పశుపోషణ అది. 1868లో రెండు ఒంగోలు పశువులు బ్రెజిల్ తీరంలోని సాల్వడార్‌లో దిగాయి. 1960ల్లో ఒంగోలు దగ్గరి కరవది నుంచి వెళ్లిన ఆంబోతు ఆ ఊరిపేరుతోనే అక్కడ ప్రసిద్ధికెక్కింది. బ్రెజిల్‌లో మాంసానికి పెంచే పశువుల్లో అత్యధికం ఇవాళ నెలోర్ జాతివే. వాటి పేరులో ఉన్నది నెల్లూరే.

స్వదేశంలో మాత్రం మేత కథ కష్టాల్లోనే నడిచింది. 1876లో మొదలైన ధాత కరువు నెల్లూరునూ రాయలసీమనూ ఊడ్చేసింది. కరువులను జనం ఏడాది పేరుతోనే గుర్తుంచుకున్నారు. 1832-33లో గుంటూరు సీమను పీడించింది నందన కరువు. కరువులో పశువుకు ఆఖరి ఆసరా అడవి. ఆ అడవికి 1882 నాటి మద్రాసు అటవీ చట్టం కంచె వేసింది. రిజర్వు అడవి అయ్యాక మేతకు అనుమతి, అనుమతికి రుసుము, రుసుము కట్టకపోతే బందెలదొడ్డి వచ్చాయి. పల్నాడులో ఆ రుసుమును జనం పాత పేరుతోనే పిలిచారు, పుల్లరి అని. 1921లో సహాయ నిరాకరణ ఊపందుకున్నప్పుడు పల్నాటి ఊళ్లు పుల్లరి కట్టేది లేదన్నాయి. మించాలపాడుకు చెందిన కన్నెగంటి హనుమంతు ముందు నిలిచాడు. 1922 ఫిబ్రవరిలో తూటాలకు బలయ్యాడు. కాటమరాజుకూ హనుమంతుకూ మధ్య ఏడు వందల ఏళ్లకు దగ్గరగా దూరం. రాజు మారాడు, ఆయుధం మారింది, పచ్చిక ఎవరిదన్న ప్రశ్న మాత్రం ఆ కొండల అంచునే మళ్లీ లేచింది.

పాడేవాళ్లు తగ్గుతున్న కాలంలో కథను కాగితం మీదికి తెచ్చిన ఘనత తంగిరాల వెంకట సుబ్బారావుది. ఆయన సంపాదకత్వంలో 'కాటమరాజు కథలు' రెండు సంపుటాలుగా 1976, 1978లలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రచురణలుగా వచ్చాయి. వెల్చేరు నారాయణరావు 1986లో అచ్చయిన వ్యాసంలో ఆరు తెలుగు జానపద వీరగాథలను పోల్చి చూశారు. నేల మీద పట్టున్న కులాల కథల్లో మగవాళ్లు యుద్ధంలో చస్తారు. వర్తకకులాల కథల్లో కన్యకా పరమేశ్వరిలాంటి స్త్రీ ఆత్మార్పణతో గెలుస్తుంది. ఆ విభజనలో కాటమరాజు కథ పల్నాటి, బొబ్బిలి గాథల సరసన నిలుస్తుంది. అయితే పల్నాడూ బొబ్బిలీ రాజ్యాల మధ్య జరిగిన పోరాటాలు. ఇక్కడ రక్తం పారింది గడ్డి కోసం.

ఆ గడ్డి ఇప్పటికీ తగవులోనే ఉంది. పంట కోతలయ్యాక పొలంలో మందను పడుకోబెట్టి, ఎరువుకు బదులు రైతు దగ్గర గింజలు తీసుకునే ఏర్పాటు చాలాచోట్ల నడుస్తోంది. కానీ బంచరాయి భూములు తగ్గాయి, బీళ్లు తోటలయ్యాయి, మంద నడిచే దారులకు కంచెలు వచ్చాయి. 2006 నాటి అటవీ హక్కుల చట్టం మేతను సముదాయపు హక్కుగా గుర్తించింది. ఒకేచోట ఉండి మేపుకునేవారితో పాటు రుతువును బట్టి మందలతో కదిలే కాపరుల హక్కు కూడా అందులో ఉంది. గిరిజనేతరులైతే 2005 డిసెంబరు 13కు ముందు మూడు తరాలు, అంటే డెబ్బై ఐదేళ్లు, ఆ అడవి మీద ఆధారపడి బతికినట్టు చూపాలి. కాగితాలు లేని కాపరికి ఇది కొండంత షరతు. చట్టం కింద వచ్చిన నియమాలు సాక్ష్యాల జాబితాలో పాతకాలపు మేతబీళ్లను చేర్చాయి. పెద్దలు చెప్పి రాయించిన వాంగ్మూలాన్నీ చేర్చాయి. ఏ వాగు దాటి మంద వచ్చేది, ఏ కొండ పక్కన దొడ్డి కట్టేవారు, ఏ ఊరితో ఏ మాట కుదిరింది అన్నవి చెప్పగల ముసలివాళ్లు ఇంకా కొందరు మిగిలారు.  గ్రామసభలు ఆ మాటలను రాయించుకోవలసిన సమయం ఇదే.