గోడకి గార, పళ్ళకి గార

గార తీయించుకుందామని పళ్ళడాక్టరు దగ్గరికి బయల్దేరుతుంటే పక్కింటి పిన్నిగారు గుమ్మంలోనే ఆపేశారు. "ఆ పని మాత్రం చేయకమ్మాయ్! గోడకి గార ఎలాగో పళ్ళకీ అలాగే. అది తీస్తే పళ్ళు కదిలిపోతాయి" అన్నారు.

ఒక్క క్షణం తటపటాయించాను. మా అమ్మా అచ్చం ఇలాగే అనేది. అంటూ అంటూనే, యాభై దాటేసరికి ఒక్కొక్క పన్నే పోగొట్టుకుంది. ఎంతో ఇష్టమైన చేగోడీల్ని రోట్లో దంచుకు తినేది పాపం. ఆ జ్ఞాపకమే నన్ను ఆటో ఎక్కించింది.

తిరిగొచ్చాక ఈ గార గొడవ ఎప్పటిదా అని పుస్తకాలు తిరగేశాను. ఇది నిన్నమొన్నటి ఫ్యాషనేం కాదండీ! మన సుశ్రుత సంహితలోనే దీనికి దంతశర్కర అని పేరుంది. పంటి మూలానికి దెబ్బ తగలకుండా గీకి తీయాలని, అందుకు దంతశంకువనే పనిముట్టు వాడాలని ఉంది. వెయ్యేళ్ళ కిందట స్పెయిన్‌లో అల్ జహ్రావీ అనే వైద్యుడు గార గీకే పనిముట్ల బొమ్మలు వేసి మరీ తన గ్రంథంలో పెట్టాడు.

హాలండ్‌లోని డెల్ఫ్ట్ ఊళ్ళో లేవెన్‌హుక్ అనే బట్టల వర్తకుడు రోజూ ఉప్పుతో పళ్ళు తోముకునేవాడు. అయినా సందుల్లో తెల్లటి పాచి మిగిలేది. దాన్ని తాను చేసుకున్న సూక్ష్మదర్శినిలో చూస్తే బోలెడు చిన్న చిన్న జీవులు కదులుతున్నాయట! 1683లో ఆ వింతని లండన్ రాయల్ సొసైటీకి ఉత్తరం రాశాడు. ఆ పాచికి లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేటు లవణాలు చేరి గట్టిపడితే గార అవుతుంది. ఇక అది వేపపుల్లకీ లొంగదు, బ్రష్షుకీ లొంగదు.

మరి గీకేదెవరు? ఇక్కడే కథ ఆడవాళ్ళ చేతికొచ్చింది. అమెరికాలోని బ్రిడ్జిపోర్టులో ఆల్‌ఫ్రెడ్ ఫోన్స్ అనే పళ్ళడాక్టరుండేవాడు. పళ్ళు పాడయ్యాక బాధపడేకంటే ముందే శుభ్రం చేయించుకోవడం మేలని ఆయన నమ్మకం. 1906లో తన సహాయకురాలు, చుట్టాలమ్మాయి ఐరీన్ న్యూమన్‌కి ఆ పని నేర్పాడు. 1913లో ఏకంగా బడే తెరిచాడు. మరుసటేడు 27 మంది స్త్రీలు చదువు ముగించారు. వాళ్ళలో టీచర్లు, నర్సులు, పళ్ళడాక్టర్ల భార్యలూ ఉన్నారు. కొందరు ఊళ్ళోని బళ్ళకి వెళ్ళి పిల్లల పళ్ళు శుభ్రం చేసి, తోముకునే తీరు నేర్పారు. 1917లో ఐరీన్‌కి లైసెన్సొచ్చింది. ఆ వృత్తిలో మొట్టమొదటి లైసెన్సు ఆవిడదే! మన దేశంలోనూ 1948 నాటి దంతవైద్యుల చట్టం ఈ పని చేసేవాళ్ళని డెంటల్ హైజీనిస్టులుగా గుర్తించింది.

ఇంతకీ పిన్నిగారి భయం మాటేమిటి? అదే డాక్టరుగారినడిగాను. గార పేరుకుంటే చిగుళ్ళు వాచి రక్తం కారతాయి. అలాగే వదిలేస్తే పంటిని పట్టుకున్న ఎముక తరిగిపోతుంది. పన్ను వదులయ్యేది అందుకు. గార తీసినప్పుడు ఆ సంగతి బయటపడుతుందంతే. తీశాక కొద్దిరోజులు చన్నీళ్ళకి పళ్ళు జివ్వుమనొచ్చు. ఎన్నాళ్ళకోసారి తీయించుకోవాలన్నది ఎవరి నోటిని బట్టి వాళ్ళకి. నన్ను ఆర్నెల్లకి రమ్మన్నారు.

ఇదంతా చెబితే పిన్నిగారు కాసేపు ఆలోచించి, "అయితే గోడకి గార నిలబెట్టేది, పంటికి గార పడగొట్టేదీనన్నమాట. ఈసారి వెళ్ళేటప్పుడు నన్నూ పిలువమ్మాయ్" అన్నారు.

మా అమ్మకి ఈ ముక్క చెప్పేవాళ్ళుంటే ఎంత బావుండేదో!