లారీ దిగే వేళ

పదకొండు దాటాక హైదరాబాద్ ఉస్మాన్‌గంజ్‌లో చప్పుడు మొదలవుతుంది. పగలు పెద్ద బండ్లను రానివ్వరు కాబట్టి సరుకు రాత్రే దిగాలి. హమాలీల కేకలు, బస్తా నేలను తాకిన మోత, వెనక్కి వస్తున్న లారీ కూత. గోదాం మీది రేకుల గదిలో ఉన్నామెకు ఆ మోతే కావాలి. అది ఉన్నంతసేపే తన మాట పక్కింటికి వినపడదు.

గది ఒక్కటే. గోడ వైపు అత్తమ్మ, అడ్డంగా మూడేళ్ల పెద్దోడు, చీర ఉయ్యాలలో నాలుగు నెలల పాప. భర్త కింద బస్తాలు మోస్తున్నాడు. ఛార్జింగ్‌కు పెట్టి పోయిన ఆయన ఫోన్ ఈ కాసేపే ఆమెది. మెట్ల మీద కూర్చుని 14416 నొక్కింది. అవతల గొంతు వినగానే పెట్టేసింది. మళ్లీ నొక్కింది.

(ఈమె ఫలానా మనిషి కాదు. ఆమెనూ ఆ రాత్రి మాటలనూ నేను కూర్చి చెబుతున్నాను. ఆ నంబరు, చోట్లు, లెక్కలు మాత్రం ఉన్నవే.)

"పాప మంచిగనే ఉంది మేడం. నాకే దాన్ని ఎత్తుకోబుద్ధి అయితలేదు."

"ఎప్పటి నుంచమ్మా?"

"పురుడు అయినప్పటి సంది. నిద్ర రాదు. వంట చేస్తా చేస్తా ఏడుస్త."

"ఇంట్లో చెప్పినవా?"

"అత్తమ్మకు చెప్పిన. గాలి సోకిందని నాంపల్లి దర్గాకు తీస్కపోయి తాయెత్తు కట్టిచ్చింది."

"పోయినప్పుడు ఎట్లనిపించింది?"

ఆ ప్రశ్న ఆమె ఊహించలేదు. "బయట కూసున్న గదా. కొంచెం పాణం నిమ్మలమైంది."

అవతలామె తాయెత్తు జోలికి పోలేదు. రోజూ పది నిమిషాలు అట్లా బయట కూర్చోవడానికి వీలవుతుందా అని మాత్రం అడిగింది. వినడానికి చిన్న మాట. మనసు కుదుటపడ్డాక పని చేద్దామని ఆగకుండా, ముందు చిన్న పని పట్టుకుంటే మనసు దాని వెనక నడుస్తుందనేది దిగులుకు మాటలతో చేసే చికిత్సలో ఒక ముఖ్యమైన పట్టు.

ఈ గల్లీకి కాస్త దూరంలోనే మొజంజాహీ మార్కెట్. దాని పేరులోని మొజంజా నిజాం కొడుకు, ఆయన భార్య నీలోఫర్. తన పరిచారిక రఫత్ కాన్పులో చనిపోయిందన్న దుఃఖంతో ఆమె పూనుకుంటే రెడ్ హిల్స్‌లో నీలోఫర్ ఆసుపత్రి వెలిసింది. కాన్పులో పోయిన ప్రాణం అందరికీ కనిపించింది. కాన్పు గట్టెక్కాక లోలోపల ఆరిపోయే మనిషి అంతగా కనపడదు; ఆమె కూడా పిలవగలిగే ఆ 14416 నంబరు 2022 అక్టోబర్ 10న మొదలైంది. టెలి మానస్. బెంగళూరు నిమ్హాన్స్ నడిపించే ఈ సేవకు పైసా ఖర్చు లేదు, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులోనూ మాట్లాడుతుంది.

కానీ నంబరు ఉన్నంత మాత్రాన చాలదు. ఫోన్ ఎవరిది? పది నిమిషాలు ఎవరివి? అమెరికాలోని ఒరెగాన్‌లో లీసా షీబర్ బృందం దిగులుతో ఉన్న పేద తల్లుల కోసం ఆన్‌లైన్ చికిత్స తయారుచేసినప్పుడు పాఠాలు తెర మీద పెట్టి ఊరుకోలేదు. వాటికి తోడు ఒక మనిషి ఫోన్ చేసి పలకరించే ఏర్పాటూ చేశారు. నన్నడిగితే మందు ఆ పలకరింపులోనే ఎక్కువ.

పాకిస్తాన్లోని రావల్పిండి పల్లెల కథ మన ఇళ్లకు ఇంకా దగ్గర. ఆతిఫ్ రహ్మాన్ బృందం అక్కడి ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి దిగులుతో ఉన్న తల్లుల దగ్గరికి పంపింది. జబ్బు పేరెత్తితే గడప తొక్కనివ్వరని వాళ్లకు తెలుసు. బిడ్డ బాగా ఎదగడానికి వచ్చామన్నారు. ఏ అత్తగారు కాదంటుంది? 2008లో వచ్చిన ఫలితం చూడండి: ఆరు నెలలకు ఆ తల్లుల్లో దిగులు వదలనివాళ్లు 23 శాతం, ఆ సాయం అందనివాళ్లలో 53 శాతం.

మెట్ల మీద మాట ఇంకా సాగుతోంది.

"ఒకటి అడుగుత, ఏమనుకోకు. చచ్చిపోవాలె అనిపిస్తదా?"

సరిగ్గా అప్పుడే కింద ఇంజన్ ఆగింది. గల్లీ మొత్తం చెవులు పెట్టినట్టయింది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంకో లారీ కూత పెట్టేదాకా అవతలి గొంతూ తొందరపెట్టలేదు.

"చచ్చుడు కాదు. వీళ్లను ఇడిచి యాడికన్నా పోవాలె అనిపిస్తది."

"డాక్టరుకు చూపిస్తే మంచిదమ్మా."

"ఎర్రగడ్డకా?" అన్నది భయంగా. ఈ ఊళ్లో ఆ పేరు మానసిక ఆసుపత్రి కాదు, తిట్టు.

"ఏడకైనా నేను చెప్త. ముందు మల్ల మాట్లాడదాం."

ఉయ్యాల కదిలింది. పాప ఏడుపు. ఫోన్ ఆగిపోయింది.

తెల్లారి చాయ్ తాగుతూ భర్త ఫోన్ చూశాడు. "గిదెవరి నంబరే?"

గ్లాసు కడుగుతున్న చెయ్యి ఆగలేదు. "పాప సంగతి అడిగిన."

"ఏమన్నరు?"

"ఐతారం మల్ల చెయ్యమన్నరు."

ఆయన ఫోన్ ఛార్జింగ్‌కు పెట్టి పడుకున్నాడు.