కిరణమునకు అడ్డు, చూపునకు దారి



దిల్‌సుఖ్‌నగరు నుండి ఎల్.బి. నగరునకు పోవు విజయవాడ మార్గమున వైద్య పరీక్షాలయములు పెక్కు గలవు. ఎక్స్‌రే గాని, సి.టి. స్కాను గాని తీయు గది గోడలో నొక గాజుకిటికీ యుండును. లోపల రోగి యొంటరిగా పరుండును. యంత్రము నడపువాడు ఈవల నిలిచి ఆ గాజుగుండ చూచుచుండును. కంటికది మామూలు అద్దమే. తూచినచో ఇంచుమించు రెట్టింపు బరువు. దాని పూర్వకథ వినదగినది.

1674లో లండనునందు జార్జి రేవెన్‌స్క్రాఫ్టు అనునతడు కొత్తరకపు గాజునకు రాజునొద్ద హక్కు పొందెను. పిమ్మట కొలది యేండ్లకే గాజులో సీసపు ఆక్సైడు కలిపి తళుకుగల పానపాత్రలు చేయించెను. అతడు కోరినది అందము. బరువు దానివెంట వచ్చినది.

రెండు శతాబ్దములు గడచెను. 1895లో రంట్‌జెను ఎక్స్‌కిరణములను, 1900లో పారిసునందు పాల్ విల్లార్డు గామా కిరణములను కనుగొనిరి. ఈ రెండును వెలుగు జాతివే. పుట్టుక మాత్రము వేరు. లోకము మేలు గాంచినదే గాని కీడు నెరుగదయ్యె. ఎడిసను సహాయకుడు క్లారెన్సు డాలీ తన చేతులనే ఎక్స్‌కిరణముల కొగ్గి పరీక్షించి, ఆ చేతులను గోల్పోయి, 1904లో మరణించెను. ఇట్టి యనుభవముల పిమ్మట పానపాత్రల గాజు ప్రాణరక్షకు వచ్చెను.

సీస మేల అడ్డగలదు? దాని పరమాణువున 82 ఎలక్ట్రానులు గలవు. తక్కువ శక్తి గల కిరణమును అట్టి బరువైన పరమాణువు మ్రింగివేయును. కోబాల్టు-60 గామా కిరణములవంటి బలవంతుల నట్లు మ్రింగుట కష్టము. అచ్చట గాజు సాంద్రతయు, మందమును ముఖ్యము. ఆ కిరణములను సగము చేయుటకు మామూలు గాజు సుమారు 5 సెంటీమీటర్లు కావలెను. భారమైన సీసపు గాజు అందులో సగము చాలును. తీవ్రపదార్థములను సవరించు అణుశాలలలో కిటికీలు మీటరు మందము వరకు నుండును. కిరణములు తగిలి గాజు నల్లబడకుండ సీరియపు ఆక్సైడును కలుపుదురు.

అయితే సీసము విషము. కావున సీసమునకు ప్రక్కయింటిదైన, 83వ సంఖ్య గల బిస్మతు వైపు శాస్త్రజ్ఞుల దృష్టి మరలినది. దాని ఆక్సైడుతో భారమైన గాజు చేయవచ్చును. విషము మిక్కిలి తక్కువ.

గాజు కిరణము నడ్డునే గాని, ఎంత దాటివచ్చినదో చెప్పలేదు. ఆ లెక్కకు వేరు సాధనములు కావలెను. మన నగరపు ఈశాన్యమున కుషాయిగూడ చెంత, 1967లో అయ్యగారి సాంబశివరావుగారు ఎలక్ట్రానిక్స్ కార్పొరేషను స్థాపనకు నాయకత్వము వహించిరి. అందు అట్టి సాధనములు తయారగుచు వచ్చినవి.

కవచము తప్పిన నేమగును? 2010లో ఢిల్లీ మాయాపురి పాతయినుము బజారునకు ఒక విశ్వవిద్యాలయపు పాత కోబాల్టు యంత్రము చేరినది. ఎరుగక విప్పినవారిలో పలువురు వ్యాధిగ్రస్తులైరి, ఒకరు మరణించిరి. సీసము నడుమనున్నంతకాలము నిరపాయమైనదే, సీసము తొలగగానే మృత్యువయ్యెను.

స్కాను గదిలో మనవారిని విడిచి బయట నిలువుమన్నప్పుడు మనసొప్పదు. అయినను విసుగు పడక వెలికి రండు. గాజు వెనుక నున్నవాడు రోగిని విడిచిపోలేదు, చూచుచునే యున్నాడు.