ఎవరి కృష్ణుడు అసలు కృష్ణుడు

గూడూరు జంక్షన్‌లో చెన్నై వైపు పోయే లోకల్ ఎక్కితే సూళ్లూరుపేట గంట దారి. శ్రీహరికోట రాకెట్ల పుణ్యమా అని పేరుపడ్డ ఆ ఊరికి 2019 ఆగస్టు 30న ఇంకో గొప్ప తోడైంది. ఆ రోజు ‘సాహో’తో తలుపులు తెరిచిన వి ఎపిక్ థియేటరులో తెర వెడల్పే దాదాపు వంద అడుగులు. సూపర్ హీరో సినిమా అంటే అంత తెర మీదే చూడాలని గూడూరు, నాయుడుపేట కుర్రకారు అటు బయల్దేరడం అప్పట్నుంచి మామూలైపోయింది. పోయేటప్పుడు టికెట్ల గొడవ, వచ్చేటప్పుడు హీరోల గొడవ.

2021 డిసెంబరులో ‘స్పైడర్ మ్యాన్: నో వే హోమ్’ తెలుగు మాటలతో కూడా వచ్చింది. 2002 నాటి టోబీ మెగ్వైర్, 2012 నాటి ఆండ్రూ గార్ఫీల్డ్, ఇప్పటి టామ్ హాలండ్ ముగ్గురూ ఒకే సినిమాలో కనబడేసరికి, వీళ్లలో అసలు స్పైడర్ మ్యాన్ ఎవరన్న తగువుకు కొత్త ఊపిరి వచ్చింది. టీవీలో డబ్బింగు సినిమా చూస్తూ పెరిగినవాడు మెగ్వైర్‌ను వదలడు. వాడి తమ్ముడికి హాలండ్ తప్ప ఇంకెవరూ ఆనరు. గార్ఫీల్డ్‌కు అభిమానులు తక్కువ, పట్టుదల మాత్రం ఎక్కువ.

ఇదంతా హాలీవుడ్ నేర్పిన విద్య అనుకుంటే పొరపాటే. ఒకే వేషానికి ఇద్దరు ముగ్గురిని ఒకే రాత్రి నిలబెట్టి, ఎవరు మేలో తేల్చుకోమని జనానికే వదిలేసిన ఘనత మన పద్యనాటకానిది. తిరుపతి వెంకట కవుల పాండవోద్యోగ విజయాలను కంట్రాక్టర్లు ఊరూరా ఆడించిన కాలంలో కృష్ణుడి వేషాన్ని పంచి కట్టించడం రివాజు. పడక సీనుకు ఒక కృష్ణుడు, రాయబారానికి ఇంకో కృష్ణుడు. తెల్లారేసరికి ముగ్గురు కృష్ణుల్ని చూసిన ప్రేక్షకుడు ఇంటికి పోతూ ఊరుకుంటాడా? రాయబారమంటే పీసపాటి నరసింహమూర్తిదే అని ఒకడు, షణ్ముఖి ఆంజనేయరాజు పద్యం ముందు అది ఎంత అని ఇంకొకడు, ఈలపాట రఘురామయ్య పేరెత్తకుండా కృష్ణుడి మాటేమిటని మూడోవాడు. రాగానికి ‘వన్స్‌మోర్’ కొట్టే వర్గం ఒకటైతే, పద్యం అర్థం తెలిసేలా చెప్పాలి గానీ సాగదీయకూడదనే వర్గం వేరొకటి. బందా కనకలింగేశ్వరరావు ఈ రెండో వర్గానికి ఆరాధ్యుడు. ఇవాళ గ్రాఫిక్స్ ముఖ్యమా, కథ ముఖ్యమా అని గొంతు చించుకునేవాళ్ల తాతలు వీళ్లే.

ఆ తగువు 1936లో తెరకెక్కింది. ఒకే ఏడాది ఒకే కథతో రెండు సినిమాలు పోటీపడ్డాయి. హెచ్.వి. బాబు తీసిన ‘ద్రౌపదీ వస్త్రాపహరణం’లో యడవల్లి సూర్యనారాయణ దుర్యోధనుడు, సి.ఎస్.ఆర్. కృష్ణుడు, కన్నాంబ ద్రౌపది. ‘ద్రౌపదీ మానసంరక్షణం’లో సాక్షాత్తు బళ్లారి రాఘవే దుర్యోధనుడు, బందా కృష్ణుడు. పేరు ప్రతిష్ఠల లెక్కన చూస్తే రెండోదే గెలవాలి. గెలిచింది మొదటిది. రంగస్థలం మీద తిరుగులేనివాడు తెర మీద కూడా అంతే అన్న నమ్మకానికి అప్పుడే బీటలు పడ్డాయి.

ఈ వాదనల్లో ఒక తమాషా ఉంది. ‘పాతదే అసలుది’ అనేవాళ్లు ఏ సినిమాను పాతది అంటున్నారో చూడండి. అది చాలావరకు మళ్లీ తీసిందే అయి ఉంటుంది. తెలుగువాళ్లు రామాయణం సినిమా అనగానే చెప్పే 1963 ‘లవకుశ’కు ముందు 1934 ‘లవకుశ’ ఉంది. దాన్ని కలకత్తాలో తీసినవారు సి. పుల్లయ్య. అందులో పారుపల్లి సుబ్బారావు రాముడు, సీనియర్ శ్రీరంజని సీత. ఆ సినిమాకు జనం బళ్లు కట్టుకుని పోయారు. అదే పుల్లయ్య పాతికేళ్ల తర్వాత మళ్లీ అదే కథ రంగుల్లో మొదలుపెట్టారు. డబ్బు చాలక మధ్యలో ఏళ్ల తరబడి ఆగి, చివరికి ఆయన కొడుకు సి.ఎస్. రావు చేతుల మీదుగా పూర్తయి, 1963 మార్చి 29న విడుదలైంది. తెలుగులో పూర్తి రంగుల సినిమా అదే మొదటిది. ఎన్.టి. రామారావును రాముడిగా చూసి దణ్ణం పెట్టినవాళ్లలో సుబ్బారావు రాముణ్ణి చూసినవాళ్లు కూడా ఉండే ఉంటారు, కానీ వాళ్ల మాట ఎవరికీ వినబడలేదు.

‘భక్త ప్రహ్లాద’ కథా ఇంతే. 1932 ఫిబ్రవరి 6న విడుదలైన హెచ్.ఎం. రెడ్డి సినిమా తెలుగులో తొలి టాకీ. 1942లో చిత్రపు నారాయణమూర్తి దాన్ని మళ్లీ తీశారు, వేమూరి గగ్గయ్య హిరణ్యకశిపుడుగా. 1967లో ఎ.వి.ఎం. వారికి మరోసారి తీసింది కూడా ఆ నారాయణమూర్తే. ఈసారి హిరణ్యకశిపుడు ఎస్.వి. రంగారావు, ప్రహ్లాదుడు రోజారమణి. తన సినిమాను తనే చెరిపేసే అవకాశం ఎంతమంది దర్శకులకు దక్కుతుంది? పుల్లయ్యకూ నారాయణమూర్తికీ దక్కింది. ఇద్దరూ చెరిపేశారు.

‘మాయాబజార్’ దగ్గర కాస్త ఆగాలి.

శశిరేఖ వ్యాసభారతంలో లేదు. జనం అల్లుకున్న పెళ్లి కథ అది. సురభి నాటక సమాజాలు మంటలతో, తీగలతో, మాయమయ్యే తివాచీలతో దాన్ని తరాల పాటు ఆడించాయి, ఇప్పటికీ ఆడిస్తున్నాయి. వేల్ పిక్చర్స్ 1936లోనే ‘మాయాబజార్’ పేరుతో తెలుగు సినిమా తీసింది. పి.వి. దాస్ దర్శకుడు, శాంతకుమారి శశిరేఖ. ఈ కథతో వచ్చిన సినిమాల్లో విజయా వారు 1957లో తీసింది ఎనిమిదోదని లెక్క. అంటే దర్శకుడు కె.వి. రెడ్డి ఈ కథకు పూనుకునేనాటికి అది ఎవరికీ కొత్త కాదు. కొత్తగా ఏం చూపాలో ఆయనకు తెలుసు. పాండవులు ఒక్క దృశ్యంలోనూ కనబడరు. కథ బరువంతా ఘటోత్కచుడి భుజాల మీద, శశిరేఖ రూపంలోని ఘటోత్కచుడి మీద పెట్టారు. సావిత్రి ఆడపిల్ల ఒంట్లో రాక్షసుడి నడక చూపించింది. మార్కస్ బార్ట్‌లీ స్టూడియోలో వెన్నెల కాయించాడు. పింగళి నాగేంద్రరావు ‘అసమదీయులు’, ‘తసమదీయులు’ లాంటి మాటలు పుట్టించి, రాక్షసులకు సొంత నిఘంటువు రాసిచ్చాడు. శక్తులున్న వీరుడు, వాడికో గురువు, వాడి మాట మీద నిలబడే పరివారం, వాడికే తెలిసిన భాష. సూపర్ హీరో సినిమాకు ఇంతకంటే ఏం కావాలి?

ఆ గురువు చినమయ వేషం వేసింది నెల్లూరు పక్క జగదేవిపేట మనిషి రమణారెడ్డి. ఎముకల గూడు లాంటి ఆ శరీరం పక్కన నిలబడటం వల్లే ఘటోత్కచుడుగా ఎస్.వి. రంగారావు ఇంకా కొండంతగా కనబడతాడని ఈ వైపు వాళ్లు నేటికీ వాదిస్తారు. వాదన సొంతూరి అభిమానంతో పుట్టిందే అయినా, తప్పని తోసెయ్యలేం.

కృష్ణుడి వేషం సంగతి ఇంకా ఆసక్తికరం. రామారావు అంతకుముందే ‘సొంతవూరు’లో కాసేపు కృష్ణుడిగా కనబడ్డారు. ఆ వేషం జనానికి నచ్చలేదు, థియేటర్లలో ఈలలూ గోలా వినబడ్డాయని చెబుతారు. అందుకే ‘మాయాబజార్’లో ఆ పాత్ర వెయ్యడానికి ఆయన మొదట ఒప్పుకోలేదు. కె.వి. రెడ్డి పట్టుబట్టారు, కళాదర్శకులు గోఖలే, కళాధర్‌ల బృందం కిరీటం, నగలు, అలంకారం కొత్తగా దిద్దింది. 1957 మార్చి 27 తర్వాత పూజగదుల్లో క్యాలెండర్ కృష్ణుడి ముఖమే మారిపోయింది. ఈలలు వేయించుకున్న నటుడే కొలబద్ద అయి కూర్చున్నాడు. ఏ సూపర్ హీరో పాత్రకు ఎవరిని ఎంపిక చేసినా ముందు తిట్లు, తర్వాత దండాలు వినబడే ఈ కాలపు అభిమానులకు ఈ ఒక్క ఉదాహరణ చాలాసార్లు పనికొస్తుంది.

అదే సెట్లలో తమిళ సినిమా కూడా తయారై, ఏప్రిల్‌లో విడుదలైంది. అందులో అభిమన్యుడు అక్కినేని కాదు, జెమినీ గణేశన్. తడ దాటి ఆరంబాకంలో అడుగుపెడితే అభిమన్యుడు మారిపోతాడన్నమాట. రెండు భాషలూ వచ్చిన సరిహద్దు ఊళ్లవాళ్లకు పోల్చి చూసుకునే వీలు మిగతా ఆంధ్రులకంటే ముందే దొరికింది.

రామారావు కృష్ణుడు స్థిరపడ్డాక మిగతా కృష్ణులకు కష్టకాలం. ‘నర్తనశాల’లో రామారావు బృహన్నల కాబట్టి కృష్ణుడి వేషం కాంతారావుకు దక్కింది, సరిపెట్టుకున్నారు. అసలు పరీక్ష 1977 సంక్రాంతికి వచ్చింది. జనవరి 14న ఒకే రోజు రెండు భారతాలు. రామారావు సొంత దర్శకత్వంలో కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు మూడూ తానే వేసిన ‘దానవీరశూర కర్ణ’ ఒకవైపు. కమలాకర కామేశ్వరరావు దర్శకత్వంలో కృష్ణ అర్జునుడుగా, శోభన్‌బాబు కృష్ణుడుగా, కృష్ణంరాజు కర్ణుడుగా వచ్చిన ‘కురుక్షేత్రం’ మరోవైపు. కైకాల సత్యనారాయణ మొదటిదాంట్లో భీముడు, రెండోదాంట్లో దుర్యోధనుడు. ఉదయం ఆట ఒకటి, మధ్యాహ్నం ఆట ఒకటి చూసినవాడు ఆయన తన తొడ తనే విరగ్గొట్టుకున్నాడని నవ్వుకుని ఉండాలి.

‘కురుక్షేత్రం’ ఖర్చుకు వెనకాడలేదు, యుద్ధం కోసం రాజస్థాన్ దాకా పోయింది. రామారావు హైదరాబాద్‌లోని తన రామకృష్ణా స్టూడియోలోనే నలభై మూడు రోజుల్లో చిత్రీకరణ ముగించారు. నాలుగు గంటలకు దగ్గరైన నిడివి, కొండవీటి వెంకటకవి మాటలు, తప్పంతా తనది కాదనిపించే దుర్యోధనుడు. జనం అటే మొగ్గారు. కృష్ణ అభిమానులు మాత్రం యుద్ధమంటే ‘కురుక్షేత్రం’లోనే చూడాలని దశాబ్దాల పాటు పట్టు విడవలేదు. చూపు పరంగా వాళ్ల మాటలో నిజముంది. చెవి పరంగా వాళ్లు ఓడిపోయారు. పద్యనాటకం నాటి తీర్పే, రాజస్థాన్ ఇసుక దాన్ని మార్చలేకపోయింది.

తర్వాత మూడేళ్లకే రామారావు ‘సూపర్‌మ్యాన్’ కూడా అయ్యారు. వి. మధుసూదనరావు దర్శకత్వంలో 1980లో వచ్చిన ఆ సినిమాలో శక్తులు ఇచ్చేది వేరే గ్రహం కాదు, హనుమంతుడు. నవ్వుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు గానీ, ఆ ఆలోచనే 2024లో ‘హనుమాన్’గా మళ్లీ పండింది. ప్రశాంత్ వర్మ కల్పించిన అంజనాద్రిలో తేజ సజ్జా మామూలు కుర్రాడు. జనవరి 12న మహేశ్‌బాబు ‘గుంటూరు కారం’తో పాటు విడుదలై, మొదట్లో థియేటర్లు సరిగ్గా దొరక్క, నోటి మాటతో పైకి లేచింది. నెల్లూరును పంపిణీదారులు ఎప్పుడూ వేరే ఏరియాగా లెక్కగడతారు. కాబట్టి నైజాం, సీడెడ్ అంకెల పక్కన తమ ఏరియా అంకె వెతుక్కుని మరీ వాదించే అలవాటు ఇక్కడి అభిమానులకు ముందునుంచీ ఉంది.

మధ్యలో ఇంకొన్ని తగువులు. 2010 జనవరి 30న ‘మాయాబజార్’కు గోల్డ్‌స్టోన్ వారు రంగులు వేసి, శబ్దం డీటీఎస్‌కు మార్చి విడుదల చేశారు. పిల్లలు మురిశారు. బార్ట్‌లీ వెన్నెల నలుపు తెలుపుల్లోనే వెన్నెల అని పెద్దవాళ్లు పెదవి విరిచారు. వాళ్లదే న్యాయం. 2011 నవంబరులో బాపు ‘శ్రీరామరాజ్యం’ వచ్చింది. బాలకృష్ణ రాముడు, నయనతార సీత, అక్కినేని వాల్మీకి. రాష్ట్ర ప్రభుత్వం ఉత్తమ చిత్రంగా బంగారు నంది ఇచ్చింది. అయినా హాలు బయట మాట్లాడుకున్నది ఘంటసాల పాటల గురించే. ఇళయరాజా ఎంత మంచి పాటలు కట్టినా పోటీ ‘లవకుశ’ సినిమాతో కాదు, యాభై ఏళ్లుగా పెళ్లి పందిళ్లలో, గుడి మైకుల్లో మోగిన రికార్డుతో.

‘ఆదిపురుష్’కు ఆ మర్యాద కూడా దక్కలేదు. 2022 అక్టోబరు 2న అయోధ్యలో టీజరు విడుదలైన రోజే రావణుడి జుట్టు, గడ్డం చూసి గొడవ మొదలైంది. జనవరిలో రావలసిన సినిమా 2023 జూన్ 16కు జరిగింది. ప్రతి థియేటరులో హనుమంతుడికి ఒక సీటు ఖాళీగా ఉంచుతామన్నారు. తీరా వచ్చాక అదే హనుమంతుడి నోట పెట్టిన మాటలు మార్చుకోవలసి వచ్చింది. ఎస్.వి. రంగారావు రావణుణ్ణి చూసిన కళ్లను గ్రాఫిక్స్‌తో ఒప్పించబోతే ఇంకేమవుతుంది?

2025 జులై 25న అశ్విన్ కుమార్ తీసిన ‘మహావతార్ నరసింహ’ ఈ చిక్కును వేరే దారిన తప్పించుకుంది. అది యానిమేషన్. నటుడే లేడు కాబట్టి రంగారావుతో పోల్చడానికి ముఖమే లేదు. పెద్ద స్టార్ల సినిమాలకు కూడా దక్కని జనం దానికి దక్కారు.

అంతకు ఏడాది ముందు, 2024 జూన్ 27న, ‘కల్కి 2898 ఎ.డి.’లో నాగ్ అశ్విన్ ఇంకా తెలివిగా తప్పుకున్నాడు. 1977లో కృష్ణంరాజు వేసిన కర్ణుడు ఇందులో ఆయన తమ్ముడి కొడుకు ప్రభాస్ అయ్యాడు. చూడటానికి పెదనాన్న లేరు, 2022లోనే పోయారు. అర్జునుడు విజయ్ దేవరకొండ. కురుక్షేత్రంలో కృష్ణుడు కూడా ఉన్నాడు, అశ్వత్థామను శపిస్తాడు, కానీ ముఖం మాత్రం చీకట్లోనే ఉంటుంది. సూళ్లూరుపేట నుంచి తిరిగి వచ్చే రైల్లో ఆ చీకట్లో ఒకడు పెద్ద ఎన్టీఆర్‌ను పెడతాడు, ఒకడు శోభన్‌బాబును, ఇంకొకడు ఇంకా కృష్ణుడి వేషమే కట్టని తన హీరోను. నాయుడుపేట దాటినా మాట తెగదు. ఈలోగా గూడూరు వచ్చేస్తుంది.