గాలిలో వంతెన

ఇంటర్నెట్టు తీగ సాధారణముగా ముందుగది గోడవరకు వచ్చి ఆగిపోవును. వెనుకటింటి గదిలో కూర్చున్న పిల్లవానికి పాఠము అందదు. 2020లో బడులు మూతపడి చదువు ఇంటిలోనికి వచ్చినప్పుడు ఈ ఇబ్బంది ఎన్ని కుటుంబాలకు అనుభవమైనదో వేరుగా చెప్పనక్కరలేదు. దానికి తోచిన ఉపాయాలలో ఒకటి, ముందుగదిలో ఒక రౌటరును, వెనుకగదిలో మరియొక రౌటరును ఉంచి, రెంటిని తీగతో పని లేకుండ కలుపుట. దీనినే నిస్తంత్రి వంతెన అందురు. ఇల్లంతయు కలిపి ఇరువది గజాలుండని ఈ వంతెన వెనుక నూరేండ్లకు మించిన చరిత్ర ఉన్నది.

1895లో జగదీశచంద్ర బోసు కలకత్తాలో గోడలకు ఆవలనున్న గంటను తీగ లేకుండ మ్రోగించి చూపినారు. ఆయన వాడిన తరంగాలు మిల్లీమీటర్ల కొలతలోనివి, అనగా నేటి రౌటర్ల తరంగాలకంటెను పొట్టివి. 1897 మే నెలలో మార్కోనీ బృందము బ్రిస్టలు చానెలులోని ఫ్లాట్ హోమ్ దీవినుండి వేల్సు తీరమునకు, సుమారు 6 కిలోమీటర్ల సముద్రము మీదుగా, సంకేతాలను పంపినది. నీటి మీద కట్టిన తొలి వంతెన అదియే అనవచ్చును.

అయితే యంత్రము యంత్రముతో మాటాడుకొను వంతెనకు పుట్టినిల్లు హవాయి దీవులు. అక్కడి విశ్వవిద్యాలయపు కళాశాలలు వేరువేరు దీవులలో ఉన్నవి. కంప్యూటరు మాత్రము హోనొలులూలో ఉన్నది. టెలిఫోను తీగలా, ఖరీదెక్కువ, నమ్మకము తక్కువ. నార్మన్ అబ్రామ్సన్ అను ఆచార్యుడు రేడియోను ఆశ్రయించినారు. సముద్రపు అలలపై పలక వేసుకొని తేలు ఆటమీది మక్కువ కూడ తనను ఆ దీవులకు రప్పించినదని ఆయనయే చెప్పుకొన్నారు. వారి ‘అలోహా’ వ్యవస్థ 1971 జూన్‌లో పనిచేయ నారంభించినది. అందులోని వేగము సెకనుకు 9600 బిట్లు మాత్రమే.

ఇందులో చిక్కు ఒకటి కలదు. రచ్చబండ దగ్గర ఇద్దరు ఒక్కసారే నోరు విప్పినచో ఎవరి మాటయు తెలియదు. ఎవరు ఎప్పుడు మాటాడవలెనో నిర్ణయించు పెద్ద ఒకడుండవలెనని అంతవరకు అందరును తలచినారు. అబ్రామ్సన్ బృందము పెద్దను తీసివేసినది. ఎవరికి తోచినప్పుడు వారు పంపవచ్చును. అందినట్లు బదులు రానిచో, కొంతసేపు ఆగి మరల పంపవలెను. ఆ ‘కొంతసేపు’ ఎంత అన్నది ఎవరికి వారు చీటీ తీసినట్లు నిర్ణయించుకొనవలెను. అందువలన మరల మరల ఢీకొను అవకాశము తగ్గును. ఈ పద్ధతిలో మార్గము యొక్క శక్తిలో నూటికి 18 పాళ్లకు మించి ఉపయోగపడదని లెక్క తేలినది. అయినను ఈ ఔదార్యమే వ్యాపించినది. దీనిని మెరుగుపరచియే 1973లో రాబర్ట్ మెట్కాఫ్ ఈథర్నెట్టును రూపొందించినారు. వైఫైలోను ఈ వేచియుండు గుణమే ఉన్నది.

మరియొక సంగతి. అలోహాలో కేంద్రమునకు పోవు మాటలకు 407.35 మెగాహెర్ట్జులు, అక్కడినుండి వచ్చువానికి 413.475 మెగాహెర్ట్జులు కేటాయించినారు. రెండు దారులు వేరుచేయుట అను ఆ ఆలోచన మన కథలో మరల వచ్చును.

1947లో అట్లాంటిక్ సిటీ అంతర్జాతీయ సభ, పారిశ్రామిక, వైద్య యంత్రాల కొరకు కొన్ని తరంగ శ్రేణులను విడిచిపెట్టినది. వంటగదిలో మైక్రోవేవు పొయ్యి నడుచు 2.4 గిగాహెర్ట్జుల శ్రేణి అట్టిది. పనికిరాని బీడుభూమివలె చూడబడిన ఆ శ్రేణులలో సందేశాలు పంపుటకు 1985లో అమెరికా ప్రభుత్వము అనుమతించినది. 1997లో వైఫై ప్రమాణము వెలువడినది. 1999లో 2.4కు ఒకటి, 5 గిగాహెర్ట్జులకు ఒకటి, రెండు కొత్త రూపాలు వచ్చినవి. 2009 నాటి ప్రమాణము ఈ రెండు శ్రేణులను ఒక గొడుగు క్రిందికి తెచ్చినది. రేడియో పెట్టెలో మీడియం వేవు, షార్టు వేవు మీట తెలిసినవారికి ఇది వింత కాదు. కాకపోతే ఇక్కడ రెండును ఒక్కసారే పలుకును.

వంతెనకు ఇదే ఆయువుపట్టు. ఒకే శ్రేణిగల రౌటరు తనకు వినబడినదానిని అదే శ్రేణిలో మరల చెప్పవలెను. వినునప్పుడు చెప్పలేదు, చెప్పునప్పుడు వినలేదు. కనుక వేగము సగమగును. రెండు శ్రేణులున్నచో 5ను రౌటర్ల నడుమ సంభాషణకు, 2.4ను ఇంటిలోని వారికి విడదీయవచ్చును. 5 శ్రేణి తరంగము 6 సెంటీమీటర్లే. రాతిగోడ తగిలినచో త్వరగా నీరసించును. అందుచేత రెండవ రౌటరును దూరపు మూలలో కాక, ద్వారము ఎదుట నడిమార్గమున ఉంచుట మేలు. చిరునామాలు పంచు పని మొదటిదానికే విడిచి, రెండవదానిలో ఆపివేయవలెను. లేనిచో ఇంటికి ఇద్దరు యజమానులైనట్లగును.

ఇక్కడ ప్రమాణము వ్రాసినవారిని కొంత తప్పుపట్టవలసియున్నది. వంతెన దాటు ప్రతి సందేశము మీదను పంపినవాడు, పొందువాడు, నడిమి రౌటర్లు రెండు, ఈ నాలుగు చిరునామాలకు వారు చోటు చూపినారు కాని, వాడు విధానము నిర్ణయించలేదు. ఎవరి తీరున వారు చేసికొనుటచే ఒక కంపెనీ రౌటరు మరియొకదాని మాట వినకపోవుట సర్వసాధారణమైనది. 2002 చివర వచ్చిన ఒక లింక్సిస్ రౌటరులో లినక్సు ఉన్నదని బయటపడి, 2003లో దాని మూలలిపిని కంపెనీ విడుదల చేయవలసివచ్చినది. అప్పటినుండి ఔత్సాహికులే ఆ లోపమును పూరించుచు వచ్చినారు.

మన దేశములో 1933 నాటి చట్టము లైసెన్సు లేనిదే నిస్తంత్రి పరికరము ఇంటిలో ఉంచుకొనరాదన్నది. రేడియో పెట్టెకు తపాలా కచేరిలో ఏటేట రుసుము కట్టిన పెద్దలు ఆ పుస్తకమును మరచియుండరు. 2.4 శ్రేణికి 2005 జనవరిలో లైసెన్సు మినహాయింపు వచ్చినది. 5 శ్రేణిలో విశాలమైన భాగమునకు 2018 అక్టోబరులో వచ్చినది. అబ్రామ్సన్ 2020 డిసెంబరులో కన్నుమూసినారు. ఆ ఏడే మన ఇండ్లలో ఈ వంతెనల అవసరము మిక్కిలిగా తెలిసివచ్చినది.