2కి వర్గమూలం, ఒక మట్టిపలక

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, 25 చదరపు గజాల చతురస్రం జాగాకి ఒక్కో పక్క 5 గజాలు. ఆ 5నే 25కి వర్గమూలం అంటాం. మరి జాగా 2 చదరపు గజాలే అయితే? 1.4ని 1.4తోనే గుణిస్తే 1.96, చాలదు. 1.5 అయితే 2.25, మించిపోతుంది. ఎంతకీ తెగదు.

3,600 ఏళ్లకు ముందే బాబిలోనియాలో, అంటే ఇప్పటి ఇరాక్‌లో, ఎవరో అరచేతిలో పట్టే మట్టిపలక మీద చతురస్రం గీశారు. పక్కన 30, మూల నుంచి మూలకి గీసిన గీత మీద 1, 24, 51, 10 అని గుచ్చారు. వాళ్లది 60ల లెక్క. మన దశాంశాల్లోకి మారిస్తే 2 వర్గమూలం 1.41421 దాకా కరెక్ట్! దాంతో 30ని గుణిస్తే ఆ గీత పొడవు, 42 చిల్లర. అదీ రాసుంది.

అలాంటి గుండ్రటి పలకలు బడిపిల్లలు దిద్దుకునేవి. అందుకే రాసింది విద్యార్థే అయ్యుండాలని చరిత్రకారులు అంటారు. లెక్కలు పుట్టుకతో రావాలి అనేవాళ్లకి ఇది చూపించండి. పలక ఇప్పుడు అమెరికాలో యేల్ యూనివర్సిటీలో ఉంది. రాసినవాళ్ల పేరు మాత్రం దాని మీద లేదు.